చీకట్లో దారి లెక్క

బొగ్గుబాయిల చుట్టుపక్కల ఊళ్లలో రాత్రి అడవి ఎప్పుడూ ఖాళీగా ఉండదు. ఎండాకాలం మొదట్లో ఇప్పపువ్వు రాలుతుంది. తెల్లవారుజామునే రాలుతుంది కాబట్టి పశువులూ ఎలుగుబంట్లూ నోరు పెట్టకముందే ఏరుకోవాలని మూడు, నాలుగు గంటలకే గంపలతో బయల్దేరతారు. ఆ వెంటనే తునికాకు కాలం. ఎండ ముదరకముందే ఆకు కోసుకురావాలంటే చీకటితోనే అడవిలో ఉండాలి. అడవిపందుల నుంచి మక్కచేను కాపాడుకునే రైతుకు రాత్రంతా మంచె మీదే గడుస్తుంది. గోదావరిలో వల వేసినవాడు నడిరేయి లేస్తాడు. రెండో షిఫ్ట్ దిగి డొంకబాటన ఊరికి పోయే కార్మికుడికి చీకటి రోజువారీ సంగతే.

వేటకు పోయేవాళ్లూ ఉన్నారు. తలకు టార్చి కట్టుకుని, కళ్లు మెరిసిన చోటికి గురిపెట్టడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. వాళ్ల కోసం ఈ అధ్యాయం రాయడం లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నుంచి ఉంది. ఇప్పటి లెక్కన షెడ్యూలు 1లోని జంతువును చంపితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు. చట్టం సంగతి అటుంచినా, పొదలో మెరిసిన రెండు చుక్కలను చూసి అక్కడున్నది పందో, పక్కింటివాళ్ల ఆవో తేల్చగలనని చెప్పేవాణ్ని నేను నమ్మను. అయితే పాతకాలపు వేటగాడికి తెలిసిన రాత్రి నడక మాత్రం పారేయదగింది కాదు. అందులోంచి తుపాకీనీ ఉచ్చునూ తీసేస్తే మిగిలేది ఇప్పపువ్వుకు పోయే అక్కకూ, షిఫ్ట్ దిగిన తమ్ముడికీ పనికొచ్చే విద్య.

ఈ విద్య నేర్చుకోవాలనుకున్నవాళ్లు సాధారణంగా మొదట చేసే పని టార్చి కొనడం. టార్చి కావలసిందే, కాదనను. కానీ అది కాళ్ల ముందు పది గజాలు చూపిస్తుంది, ఇల్లు ఎటుందో చూపించదు. దారి ఎరిగినవాణ్ని తట్టుకుని పడకుండా కాపాడుతుంది. ఎరగనివాణ్ని తప్పు దారిలోనే ఇంకా ధైర్యంగా, ఇంకా వేగంగా తీసుకుపోతుంది. రాత్రి క్షేమంగా తిరిగొచ్చేవాడు చీకట్లోకి అడుగు పెట్టకముందే తిరుగుదారి లెక్క వేసుకుంటాడు. ఆ లెక్క నేర్పే బడి గోదావరిఖనిలో మన కాళ్ల కిందే ఉంది.

బాయి లోపలి చీకటి అడవి చీకటి లాంటిది కాదు. అడవిలో అమావాస్య రాత్రి కూడా చుక్కల వెలుగు కొంత ఉంటుంది. బాయిలో క్యాప్‌ల్యాంప్ ఆర్పితే కంటి ముందు పెట్టుకున్న చెయ్యి కనపడదు. ఎంతసేపు కళ్లు తెరుచుకుని కూర్చున్నా కనపడదు. సింగరేణి కంపెనీ ఆ పేరుతో ఏర్పడింది 1920లో. ఇల్లెందు దగ్గర బొగ్గు తవ్వకం అంతకంటే పాతది. నాలుగైదు తరాల మనుషులు ఆ చీకట్లోకి దిగి, పని చేసి, పైకి వస్తూనే ఉన్నారు. వాళ్లకు దారి చూపింది నెత్తిమీది దీపం ఒక్కటే అయితే ఇంతమంది రాగలిగేవాళ్లు కాదు.

మొదటి పాఠం ల్యాంప్‌రూమ్ దగ్గరే మొదలవుతుంది. దిగేవాడి మస్టర్ పడుతుంది, ల్యాంపు ఎవరికి ఇచ్చారో లెక్క ఉంటుంది. షిఫ్ట్ అయ్యాక ఒక ల్యాంపు తిరిగి రాలేదంటే ఒక మనిషి తిరిగి రాలేదన్నట్టే. వెతుకులాట అక్కడ మొదలవుతుంది. ఇంత పెద్ద కంపెనీ ఇంత చిన్న లెక్క మీద ఆధారపడుతుంది. అదే మనిషి సెలవు రోజు అడవికి పోయేటప్పుడు మాత్రం ‘ఇప్పుడే వస్త’ అని ఇంట్లోంచి బయటపడతాడు. ఎటు పోయాడో ఇంట్లో తెలియదు, ఎప్పుడు వస్తాడో అతనికే తెలియదు. చెప్పే పద్ధతి ఇలా ఉండాలి: “వదినా, మేం ముగ్గురం పోతున్నం. గుడి కాడి నుంచి ఒర్రె పట్టుకొని పెద్ద ఇప్పచెట్ల దాక. ఎనిమిది కొట్టేసరికి వస్తం. తొమ్మిదైనా రాకుంటే ఫోన్ చెయ్యి, కలవకుంటే అన్నను లేపు.” ఎంతమంది, ఏ దారి, ఎప్పటికి, రాకపోతే ఏం చెయ్యాలి అన్న నాలుగూ అందులో ఉన్నాయి. మధ్యలో మనసు మారి వేరే చోటికి పోవాలనిపిస్తే ముందు ఫోన్ చేసి చెప్పాలి. సిగ్నల్ లేకపోతే చెప్పిన చోటికే పోవాలి. ఈ ఒక్క నియమం పాటించేవాడికి మిగతా అధ్యాయం తెలియకపోయినా, వెతకడానికి ఎటు పోవాలో పదిమందికి తెలుస్తుంది.

రెండో పాఠం చిరునామా. బాయిలో ఎవరినైనా ఎక్కడున్నావని అడిగితే ‘అక్కడ, ఆ మూల’ అనరు. 21 డిప్, 40 లెవెల్ అంటారు. ఏటవాలుగా దిగే దారులు డిప్పులు, వాటికి అడ్డంగా పోయేవి లెవెళ్లు. రెండు అంకెలు చెబితే మనిషి దొరుకుతాడు. నడుస్తున్నంతసేపూ దాటిన లెవెళ్లను మనసులో లెక్కపెట్టుకునే అలవాటు పాత కార్మికుల్లో ఎంత పాతుకుపోయిందంటే, ఉద్యోగం దిగిపోయాక బజారులో కూడా సందులు లెక్కపెడతారని వాళ్ల ఇళ్లలో నవ్వుకుంటారు. అడవిలో డిప్పులూ లెవెళ్లూ ఉండవు కాబట్టి వాటిని మనమే కల్పించుకోవాలి. బాట దాటిన ప్రతి ఒర్రె ఒక లెవెల్. ప్రతి చీలిక ఒక అంకె. చీలిక దగ్గర ఆగి వెనక్కి తిరిగి చూడాలి, ఎందుకంటే తిరిగొచ్చేటప్పుడు కనిపించేది ఆ వెనక ముఖమే. పోయేటప్పుడు కుడివైపున్న పుట్ట వచ్చేటప్పుడు ఎడమకు వస్తుంది. చీకట్లో ఈ చిన్న తేడాయే మనిషిని తికమక పెడుతుంది.

అడుగులు కూడా లెక్కపెట్టొచ్చు. కుడికాలు నేలన పడ్డ ప్రతిసారీ ఒకటి అనుకుంటే, చదునైన నేల మీద పగటిపూట నూరు మీటర్లకు అరవైకి కాస్త అటూ ఇటూ వస్తుంది. రాత్రి అడుగు కురచవుతుంది కాబట్టి లెక్క పెరుగుతుంది. మీ లెక్క మీరే కాలనీ గ్రౌండులో ఒక రాత్రి తేల్చుకోండి. ఇంకొకరి లెక్క మీకు పనికిరాదు.

మూడో పాఠం గాలి. బాయిలోకి మంచి గాలి ఒక దారిన వస్తుంది, వాడిన గాలి ఇంకో దారిన పోయి ఫ్యాన్ దగ్గర బయటపడుతుంది. మంచి గాలి వచ్చే దారిలో ముఖానికి చల్లగా తగిలితే అటే బయటికి దారి. దీపం ఆరిపోయినవాడికి కూడా చర్మం చెబుతుంది. నేల ఏటవాలు కాళ్లకు తెలుస్తుంది, బొగ్గు టబ్బులను లాగే హాలేజీ తాడు చేతికి తగులుతుంది, పంపు చప్పుడు చెవిన పడుతుంది. కంటితో పని లేని గుర్తులు ఇన్ని ఉన్నాయి. ఇక్కడ ఒక పిట్టకథ. బాయిలో గాలిని పరీక్షించే సర్దార్లు పట్టుకునే మంట దీపం చూడ్డానికి పెట్టింది కానే కాదు. మీథేన్ ఉంటే దాని మంట మీద లేత నీలి టోపీ కనిపిస్తుంది, ప్రాణవాయువు తగ్గితే మంట నీరసిస్తుంది. దీపాన్ని వెలుగు కోసం కాకుండా కబురు కోసం వాడుకున్న మనుషులు వీళ్లు.

పైన, ఆరుబయట, ఆ గుర్తులకు సమానమైనవి ఏవి? మన ప్రాంతానికి గోదావరి ఉంది. రామగుండం దక్షిణపు ఒడ్డున, మంచిర్యాల ఉత్తరపు ఒడ్డున. ఒర్రెలూ వాగులూ ఏదో ఒక దారిన గోదావరిలోకే పోవాలి. కాజీపేట నుంచి బల్లార్షా పోయే రైలు మార్గం దాదాపు దక్షిణం నుంచి ఉత్తరానికి పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి మీదుగా పోతుంది. రాత్రంతా రైళ్లు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి ఆ చప్పుడు ఏ పక్క నుంచి వస్తోందో పట్టించుకుంటే పట్టాలు ఎటున్నాయో తెలుస్తుంది. బయల్దేరే ముందు ఇలాంటి పొడవాటి గీత ఒకటి, నది గానీ పట్టాలు గానీ తారురోడ్డు గానీ, మనసులో పెట్టుకోవాలి. ‘ఎంత తప్పినా తూర్పుకు నడిస్తే రోడ్డు తగులుతుంది’ అని చెప్పగలిగితేనే అడవిలో అడుగు పెట్టాలి. ఒక చెట్టునో బండనో గుర్తుపెట్టుకున్నవాడు చీకట్లో దాన్ని పక్కనుంచే దాటిపోతాడు. రోడ్డును అలా దాటిపోవడం కుదరదు.

రామగుండం ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం పొగగొట్టాల మీది ఎర్రదీపాలు మంచి గుర్తు. అవి కదలవు, ఆరవు, చాలా దూరానికి కనిపిస్తాయి. రామగిరి గుట్ట కూడా ఆకాశం కాస్త తేటగా ఉంటే నల్లటి గీతగా తెలుస్తుంది. ఓపెన్‌కాస్ట్ గనుల ఫ్లడ్‌లైట్లను మాత్రం నమ్మొద్దు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే మన దగ్గర రాత్రిపూట అందరికంటే ముందు కంట్లో పడేది ఆ వెలుగే. తవ్వకం ముందుకు జరిగితే లైటూ జరుగుతుంది. పోయిన నెల ఊరికి ఎడమవైపు కనిపించిన వెలుగు ఈ నెల ఇంకోచోట ఉంటుంది. పైగా దుమ్ము, మంచు ఉన్న రాత్రి ఆ వెలుగు ఆకాశమంతా పరుచుకుని ఎక్కడి నుంచి వస్తోందో అంతు చిక్కదు.

ఆకాశం మాత్రం జరగదు. జరిగినా లెక్క ప్రకారం జరుగుతుంది. ధ్రువనక్షత్రం ఏ ఊళ్లో చూసినా ఆ ఊరి అక్షాంశమంత ఎత్తులో ఉంటుంది. రామగుండం దాదాపు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే ఆ వెడల్పు సుమారు పది డిగ్రీలు. అంటే దిగ్మండలం మీద ఒక పిడికిలి, దాని మీద ఇంకో పిడికిలి పెడితే, దానికి పిసరు కింద ధ్రువుడు. మన దగ్గర ధ్రువుడు ఇంత కిందికి ఉంటాడని తెలియక చాలామంది నడినెత్తిన వెతుకుతారు. గుట్టో చెట్లో అడ్డం వస్తే కనపడడు కూడా. సప్తర్షి మండలం కనిపించే నెలల్లో తోకకు ఎదుటి కొసన ఉన్న రెండు చుక్కల మధ్య దూరాన్ని ఐదింతలు చేసి గీత లాగితే ధ్రువుడి దగ్గరికి చేరతాం. దసరా, దీపావళి రోజుల్లో సాయంత్రం పూట సప్తర్షులు దిగువన దాగి ఉంటారు. అప్పుడు వాళ్లకు ఎదురుగా ఉండే శర్మిష్ఠ, ఐదు చుక్కల వంకర గీత, ఉత్తరం చెబుతుంది.

ఇప్పపువ్వుకు పోయేవాళ్లకు ఇంతకంటే తేలికైనది ఉంది. మార్చి చివర, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున మూడు, నాలుగు మధ్య వృశ్చికం దక్షిణాన నిలబడి ఉంటుంది. దిగ్మండలానికీ నడినెత్తికీ సగం ఎత్తులో ఎర్రగా మెరిసేది జ్యేష్ఠ. దాని కింద కొండి వంపు తిరిగి ఉంటుంది. దాన్ని ఎదురుగా పెట్టుకుంటే వీపు వెనక ఉత్తరం, కుడిచేతి వైపు పడమర. చలికాలమైతే మృగశిర దగ్గరి మూడు చుక్కల వరస దాదాపు సరిగ్గా తూర్పున పొడిచి పడమట కుంగుతుంది. పాత కథల్లో ఆ మూడు చుక్కలూ మృగవ్యాధుడు లేడి మీద వేసిన బాణం. ఆకాశంలోని ఆ వేటగాడు మాత్రం మనకు పనికొస్తున్నాడు.

చంద్రుడి సంగతి గోడమీది క్యాలెండర్ చెబుతుంది. పౌర్ణమి చంద్రుడు పొద్దుగూకే వేళకు పొడుస్తాడు. శుక్ల అష్టమి నాటి సగం చంద్రుడు అర్ధరాత్రి ప్రాంతంలో కుంగుతాడు, బహుళ అష్టమి నాటివాడు ఆ వేళకు పొడుస్తాడు. శుక్లపక్షంలో వెలిగే వైపు పడమర, బహుళంలో తూర్పు. ఇది తెలియనివాడు వెన్నెల ఉందని పదింటికి బయల్దేరి, పన్నెండున్నరకు నడి అడవిలో చీకటి కమ్మితే కంగారు పడతాడు.

వెన్నెల పోతే మనిషికి ఏమవుతుందో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన యాన్ సౌమన్ బృందం పరీక్షించి చూసి, 2009లో ఫలితాలు ప్రచురించింది. తిన్నగా నడవమని చెప్పి మనుషులను అడవిలోనూ, సహారా ఎడారిలోనూ వదిలారు. సూర్యుడు కనిపించినంతసేపు బాగానే నడిచారు. మబ్బు పట్టిన రోజు అడవిలో నడిచినవాళ్లు తమకు తెలియకుండానే గుండ్రంగా తిరిగి, తమ అడుగులనే దాటారు. ఎడారిలో రాత్రి నడిచిన మనిషి చంద్రుడు ఉన్నంతవరకు తిన్నగా పోయి, మబ్బు చాటున పడగానే మలుపులు తిరిగి వచ్చిన వైపే పోయాడు. మన పల్లెల్లో దీన్ని మరులుతీగ తొక్కడం అంటారు. తీగ తొక్కినవాడు తెల్లవార్లూ ఒక్కచోటే తిరుగుతాడని పెద్దలు చెప్పేది. తీగ సంగతి ఎలా ఉన్నా, వాళ్లు చూసింది నిజమే. కంటికి దూరపు ఆనవాలు లేనప్పుడు తిన్నగా పోతున్నానన్న నమ్మకాన్ని నమ్మకూడదు.

దూరపు ఆనవాలు కనపడాలంటే కళ్లు చీకటికి అలవాటు పడాలి. దానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. ఒక్కసారి తెల్లటి టార్చి ముఖాన పడితే ఆ కష్టమంతా పోయి మళ్లీ మొదటికి వస్తుంది. బాయిలో మాట్లాడేటప్పుడు తల కాస్త దించి, ల్యాంపు ఎదుటివాడి కళ్లలో పడకుండా చూసుకోవడం మర్యాద. అడవిలో అది మర్యాదకు మించిన అవసరం. టార్చి నేల మీదికి, సన్నగా, అవసరమైనప్పుడే. ఎర్రలైటు ఉంటే మ్యాపు చూడటానికి అదే వాడండి. మసకగా ఉన్న వస్తువును నేరుగా చూడకుండా కాస్త పక్కకు చూస్తే బాగా తెలుస్తుంది, ఎందుకంటే కంటి నడిమధ్య భాగం చీకట్లో సరిగా పనిచేయదు. చీకట్లో అందరికీ కనిపిస్తున్నది మీకు ఒక్కరికే కనిపించకపోతే రేచీకటి ఉందేమో డాక్టరుకు చూపించుకోండి.

ఫోన్ గురించి ఎక్కువ చెప్పను. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. మ్యాపును ముందే దించుకుని, బయల్దేరిన చోటును గుర్తుపెట్టి, బ్యాటరీ దాచుకోవాలి. కానీ మన ప్రాంతంలో మ్యాపుకు ఒక జబ్బుంది: నేలే మారిపోతుంటుంది. నిన్నటి చేను నేడు మట్టిగుట్ట, నిన్నటి బాట నేడు క్వారీ అంచు.

అందుకే చుక్కలకంటే నేలను చూసి ఎక్కువ భయపడమంటాను. ఓపెన్‌కాస్ట్ నుంచి తీసిపోసిన ఓబీ మట్టిగుట్టలు వానలకు కోసుకుపోయి మనిషి లోతు గాళ్లు పడతాయి. పైనుంచి చూస్తే నేల చదునుగా ఉన్నట్టే కనిపిస్తుంది. పాత బాయిల మీది నేల కుంగి నెర్రెలు విచ్చుకుంటుంది. పని ఆగిన క్వారీల్లో నీళ్లు నిలుస్తాయి, వాటి అంచు మెత్తగా జారుతుంది. చుట్టూ ఏముందో తెలియకపోవడం పైనే కాదు, బాయి లోపలా ప్రమాదమే. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. ఆ తరం కార్మికులకు నిలిచిన నీళ్లంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. బాయిలో కంచె వేసిన పాత తవ్వకాల్లోకి తెలిసినవాడెవడూ పోడు. పైన కూడా అదే పాటించండి: కంపెనీ కంచె, బోర్డు, కందకం కనిపిస్తే అడ్డదారి ఎంత దగ్గరైనా వద్దు. డంపర్లు తిరిగే హాల్‌రోడ్డు అసలే వద్దు. అంత ఎత్తు మీద కూర్చున్న ఆపరేటర్‌కు బండి పక్కనే నడిచే మనిషి కనపడడు.

ఇక తీగ. ఈ అధ్యాయంలో ఒక్క సంగతే గుర్తుపెట్టుకోవాలంటే ఇది గుర్తుపెట్టుకోండి. అడవిపందుల కోసం, దుప్పుల కోసం కొందరు కరెంటు లైను నుంచి దొంగతనంగా తీగ లాగి, మోకాలికి దిగువన చిన్న పుల్లల మీదుగా ఒర్రెల వెంబడి పరుస్తారు. రాత్రి పెట్టి తెల్లారకముందే తీసేస్తారు. దాని మీద ఎవరి పేరూ రాసి ఉండదు. 2024 ఫిబ్రవరిలో కాటారం మండలం అడవిలో కూంబింగ్‌కు పోయిన గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ ఒకరు అలాంటి తీగకే బలయ్యారు. అడవిలో నడవడమే వృత్తిగా శిక్షణ పొందినవారు, తోడు బృందం ఉన్నవారు. అలాంటివారికే తప్పలేదు. రాత్రి వేటను ఎంత ముద్దుగా చెప్పుకున్నా మన దగ్గర దాని అసలు రూపం ఇప్పుడు ఎక్కువగా ఈ తీగే, అది పందికీ పులికీ బిడ్డల తండ్రికీ తేడా చూడదు. చేను కాపాడుకోవడానికి తీగ పెట్టే రైతు బాధ నాకు అర్థమవుతుంది. తీగ పెట్టడాన్ని మాత్రం ఒప్పుకోలేను.

తీగ నుంచి తప్పించుకునే పద్ధతులు కొన్నే. అలవాటైన పెద్దబాట వదలొద్దు. చేను గట్టు దాటేటప్పుడు, ఒర్రె దిగేటప్పుడు, కరెంటు స్తంభాల కింద పోయేటప్పుడు ఆగి, టార్చిని నేలకు సమాంతరంగా, మోకాలి ఎత్తులో పట్టి చూడండి. సన్నటి తీగ పైనుంచి వేసిన వెలుగులో కనపడదు, పక్కనుంచి వేస్తే మెరుస్తుంది. వరసగా పాతిన కొత్త పుల్లలు, వాటికి కట్టిన సీసా ముక్కలు, ప్లాస్టిక్ గొట్టాలు అనుమానించాల్సినవి. చచ్చిన జంతువు కనిపిస్తే దగ్గరికి పోవద్దు. తీగ కనిపిస్తే కర్రతో కదపొద్దు, పచ్చికర్రలో కరెంటు పారుతుంది. వచ్చిన అడుగుల మీదే, పాదాలు ఎక్కువ ఎడం చేయకుండా, చిన్న అడుగులతో వెనక్కి రావాలి. తోటివాడు పడిపోతే పరుగెత్తి పట్టుకోవద్దు. ఇది చేయడం చాలా కష్టం, కానీ చేయాలి. ముందు కరెంటు ఆపించాలి. విద్యుత్ ఫిర్యాదుకు 1912, అత్యవసరానికి 112.

జంతువుల విషయంలో వేటగాడి సూత్రానికి తలకిందులు మనది. అతను చప్పుడు చేయడు, మనం చేయాలి. ఇప్పచెట్ల కింద ఎలుగుబంటి పువ్వు తినే ధ్యాసలో ఉంటుంది. ఉన్నట్టుండి మనిషి పక్కన ప్రత్యక్షమైతే మీద పడుతుంది. మాట్లాడుకుంటూ, దగ్గుతూ, కర్రతో నేలను తడుతూ పోతే దానికి తప్పుకునే వ్యవధి ఉంటుంది. టార్చి కంటికి దగ్గరగా పట్టి చూస్తే జంతువు కళ్లు మెరుస్తాయి, మనిషి కళ్లు అలా మెరవవు. కవ్వాల్ 2012 నుంచి పులుల అభయారణ్యం. అక్కడి నుంచీ, అవతల మహారాష్ట్ర నుంచీ పులులు తిరుగుతుంటాయి. అడవి సిబ్బంది ‘పులి అడుగులు పడ్డాయి, పోవద్దు’ అని చాటింపు వేసిన రోజు పువ్వు పోతే పోనివ్వండి.

పాము భయం అంతకంటే దగ్గరిది. కట్లపాము రాత్రే తిరుగుతుంది, దాని కాటు ఒక్కోసారి నొప్పి కూడా పెట్టదు. బూట్లు, పొడవు ప్యాంటు, చెయ్యి పెట్టే చోట ముందు వెలుగు. కాటు వేస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం వద్దు. ఉంగరాలు, కడియాలు తీసి, కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయాలి. మందు ఆసుపత్రిలోనే ఉంది.

ఇన్ని చేసినా దారి తప్పొచ్చు. తప్పానన్న అనుమానం రాగానే మనసు ‘ఇంకొంచెం ముందుకు పోతే తెలుస్తుంది’ అంటుంది. ఆ మాట వినొద్దు. బాయిలో హాలేజీ తాడు నడుస్తుండగా ఒక్క గంట కొడితే ఆపాలి, కారణం తర్వాత అడగాలి. అలాగే ఆగండి. కూర్చోండి. నీళ్లు తాగండి. టార్చి ఆర్పి కళ్లను చీకటికి అలవాటు పడనివ్వండి. పది నిమిషాలు వినండి: రైలు, డంపరు, కుక్క, గుడి మైకు. చివరిసారిగా కచ్చితంగా తెలిసిన చోటు ఏది, అక్కడి నుంచి ఎంతసేపు నడిచాను అని లెక్క వేయండి. ఆ చోటికి అదే బాటన పోగలిగితే పోండి. పోలేకపోతే కదలొద్దు. గుంపులో ఉంటే విడిపోయి వెతకడం అన్నిటికంటే పెద్ద తప్పు, ఒకరు తప్పిన చోట ముగ్గురు తప్పుతారు. ఈలతో మూడు, ఆగి మళ్లీ మూడు. టార్చి కూడా అలాగే. ఇంట్లో చెప్పిన గంట దాటితే వెతకడానికి మనిషి బయల్దేరతాడు. మీరు కూర్చున్న చోటే ఉంటే దొరుకుతారు, నడుస్తూ ఉంటే దాటిపోతారు.

ఈ విద్య చదివితే రాదు, నడిస్తేనే వస్తుంది. మొదట అడవి వద్దు. మీ కాలనీ నుంచి తెలిసిన ఊరికి పోయే బండ్లబాట చాలు. శుక్ల ఏకాదశి ప్రాంతంలో, ఇంట్లో చెప్పి, ఒకరిని తోడు తీసుకుని, టార్చి చేతిలో ఉంచుకుని వెలిగించకుండా నడవండి. ప్రతి చీలిక దగ్గర ఉత్తరం ఎటో ఇద్దరూ విడివిడిగా చెయ్యి చూపించండి. చేతులు కలవకపోతే అక్కడే నిలబడి తేల్చుకుని మరీ ముందుకు పోండి. నాలుగైదు సార్లు కలిశాక అదే బాటను అమావాస్య దగ్గర్లో ప్రయత్నించండి. వానాకాలంలో ఈ సాధన పెట్టుకోవద్దు. ఒర్రెలు ఎప్పుడు పొంగుతాయో తెలియదు, చుక్కలు కనపడవు, మట్టిగుట్టలు జారుతుంటాయి. దసరా వెళ్లాక మొదలుపెడితే ఇప్పపువ్వు రాలే వేళకు కళ్లూ కాళ్లూ సిద్ధంగా ఉంటాయి.